వియ్యంకుడు చూసిన కుక్క చెవి

మా మామయ్య పోయారన్న కబురు నాకు మిర్యాలగూడలో అందింది. నేను పాఠాలు చెప్పే బడి అక్కడే. మధ్యాహ్నం గంట కొట్టాక స్టాఫ్ రూంలో కూర్చుని టిఫిన్ డబ్బా మూత తీస్తుంటే మా ఆయన ఫోన్ చేశాడు. "నాన్న పోయిండు" అన్నాడు. "ఎవరి నాన్న?" అని అడిగాను. అలా అడిగినందుకు నన్ను తప్పుపట్టకండి. మా రెండిళ్ళలో జబ్బు మనిషి కోదాడలో ఉండే మా నాన్న. ఆయనకు పక్షవాతం వచ్చి, కొంత తగ్గింది. చెడ్డ కబురంటూ వస్తే అటునుంచే వస్తుందని నా మనసు ఎప్పుడో సిద్ధపడి కూర్చుంది. సూర్యాపేటలో మా ఇంట్లో పొద్దున నా బస్సుకు టైమవుతోందని గేటు తీసి నిలబడిన మనిషి, పేపరు ఒళ్ళో పెట్టుకుని కుర్చీలోనే వెళ్ళిపోతారని ఎవరనుకుంటారు?

డబ్బాలో ఉన్నది వంకాయ కూర. పొద్దున ఆయన గిన్నె మూత తీసి వాసన చూసి "ఉప్పు తక్కువైంది బిడ్డా" అన్నారు. ఉప్పుకు కూడా వాసనుంటుందా మామయ్యా అని నేను ఎప్పటిలా దెప్పాను. "నాకొస్తది" అన్నారు ఆయన కూడా ఎప్పటిలాగే. ఫోన్ పెట్టేశాక ఎందుకో తెలియదు, ఒక ముక్క తీసి నోట్లో వేసుకున్నాను. ఉప్పు నిజంగానే తక్కువైంది. ఏడుపు అప్పుడొచ్చింది.

మామయ్య అంటే మా ఆయన తండ్రి. పశువుల డాక్టరు. ఉద్యోగమంతా సూర్యాపేట చుట్టుపక్కల, ఎక్కువగా మోతె వైపు ఊళ్ళల్లో, బర్రెలకూ ఎడ్లకూ గొర్రెలకూ చేశారు. అత్తయ్య నా పెళ్ళికి ముందే పోయారు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని పేపరు చదువుకుందామనుకున్నారట గానీ కుక్కలు కుదరనివ్వలేదు. మన ఊళ్ళల్లో కుక్క వాకిట్లోంచి హాల్లోకి, హాల్లోంచి సోఫా మీదికి వచ్చింది ఈమధ్యే కదా. వాటికి జబ్బు చేస్తే కాలనీవాళ్ళు "పెద్దసారు ఉన్నడు గద" అనుకుంటూ మా గేటు తట్టేవాళ్ళు. "బతుకంత పాలిచ్చేటియాటికి చేసిన. ఇప్పుడు బిస్కెట్లు తినేటియాటికి చేస్తున్న" అని గొణుక్కుంటూనే కళ్ళద్దాలు వెతుక్కునేవారు.

వచ్చినవాళ్ళలో చాలామంది చెప్పేది ఒకటే. తల దులుపుతోంది, చెవి గోక్కుంటోంది, ముట్టుకుంటే ఏడుస్తోంది. ఆయన కుక్క వైపు చూసేవారు కాదు. ముందు మనిషినే అడిగేవారు, "ఏడ పండుకుంటది?" అని. తర్వాత "ఎవరితోటి పండుకుంటది?" అని. కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి ఆ ప్రశ్నకు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి ఆ అబ్బాయి "మా ఇద్దరి మధ్యల సార్" అన్నాడు. ఆయన నవ్వలేదు. "ఇంకేమన్న జంతువుందా ఇంట్ల?" అని మూడో ప్రశ్న వేశారు. లోపల కూరగాయలు తరుగుతున్న నేను నవ్వాపుకోలేక వేలు కోసుకున్నాను.

ప్రశ్నలన్నీ అయ్యాకే కుక్క దగ్గరికి వెళ్ళేవారు. "ఏదీ, చెవియ్యి" అని ఒళ్ళోకి తల తీసుకుని, చెవి మడత పైకెత్తి, ముందు వాసన చూసేవారు. అది చూసి చాలామంది మొహం తిప్పుకునేవాళ్ళు. "ముందు ముక్కు, తర్వాత కన్ను, ఆఖరికి చెయ్యి" అని ఆయన వరస. బూజు పట్టిన చెవి పులిసిన పిండి వాసన వేస్తుందట. చీము పట్టిన దానిది వేరే వాసన. పురుగు చేరిన చెవి పాత గోనెసంచి వాసన వేస్తుందట. నాకెప్పుడూ ఆ తేడా తెలియలేదు. వాసన చూడ్డం అయ్యాక, మందు వేసినా వేయకపోయినా, ఆ చెవి వెనక కాసేపు గోకి గానీ కుక్కను వదిలేవారు కాదు.

ఆ పురుగు సంగతి ఆయన చెప్పగా చెప్పగా నాకూ వచ్చేసింది. కంటికి సరిగ్గా ఆనని తెల్లటి పురుగు, చెవి లోపలే కాపురం. అది చేరితే చెవి నిండా కాఫీ పొడి పోసినట్టు నల్లటి మురికి పడుతుంది. పాలు తాగేటప్పుడే తల్లి నుంచి కూనలకు అంటుకుంటుంది, అందుకే చిన్న కుక్కల్లో ఎక్కువ. బయట తిరిగి వచ్చేవాటికి, నాలుగు జంతువులు కలిసి ఒకే గోనె మీద పడుకునే ఇళ్ళల్లో ఉండేవాటికి తొందరగా వస్తుంది. చెవులు నిలబడి ఉండే కుక్కకు కాస్త నయం, గాలి ఆడుతుంది. వేలాడే చెవులైతే "మూతపెట్టిన గిన్నె లెక్క. లోపల ఉమ్మగిల్లుతది" అనేవారు. వచ్చినవాళ్ళు మేం రోజూ స్నానం చేయిస్తాం సార్ అని నొచ్చుకుంటే, "ఇది మురికికి పుట్టేది కాదు, పొత్తుకు వచ్చేది" అని చెప్పేవారు.

ఇంత తెలిసిన మనిషి ఇంట్లోనే ఉండగా, మా పుట్టింటి కుక్క అదే రోగంతో నెలల తరబడి అల్లాడింది. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఎందుకంటే ఆయన వియ్యంకుడు.

ఇది మా వైపు వాళ్ళకు విడమరచి చెప్పనక్కరలేదు. పిల్లనిచ్చిన ఇంటికి పిల్లవాడి తండ్రి వస్తున్నాడంటే కర్టెన్లు మారతాయి, కొత్త గ్లాసులు దిగుతాయి, మంచి దుప్పటి మంచం మీదికి వస్తుంది. మా అమ్మ ఇంకాస్త ఎక్కువ. ఆయన వచ్చి వెళ్ళేదాకా గట్టిగా తుమ్మేది కూడా కాదు. అలాంటి మనిషిని మా కుక్క చెవి చూడండి అని అడగడమా? "మీ మామగారి దగ్గర ఆ మాట ఎత్తావంటే చూడు" అని అమ్మ నాతో ఒట్టు వేయించుకున్నంత పని చేసింది. ఆయన వచ్చినప్పుడల్లా మా కుక్క బంటిని పెరట్లో బాత్రూం వెనక కట్టేసి, కనబడకుండా గోనె పట్టా వేలాడదీసేవాళ్ళు. కోదాడలో వాళ్ళకూ వీళ్ళకూ చూపించి చుక్కల మందు వేశారు. వెల్లుల్లి కాచిన నూనె పోశారు. ఎవరు ఏది చెబితే అది చేశారు, డాక్టరు వియ్యంకుణ్ణి అడగడం తప్ప.

బంటి లాబ్రడార్ రక్తం కలిసిన కుక్క. చెవులు దవడల దాకా వేలాడతాయి. పక్షవాతం తర్వాత మా నాన్న నడవడమంటూ మొదలుపెట్టింది దాని వల్లే. పొద్దున్నే నడవాలని డాక్టరు చెప్పినా, తమ్ముడు బతిమాలినా కదలని మనిషి, బంటి గొలుసు తెచ్చి కాళ్ళ దగ్గర పడేస్తే మాత్రం గోడ పట్టుకుని లేచేవాడు. అది ఆయన నడకకు తగ్గట్టు ఆగి ఆగి నడిచేది. అప్పట్లో మా మరదలు పురిటికి హుజూర్‌నగర్‌లో పుట్టింట్లో ఉంది. బాబు పుట్టాడు, మంచిరోజు చూసి ఇంటికి తీసుకురావాలి. ఈలోగా బంటి తల దులుపుడు మరీ ఎక్కువై, గోక్కుని గోక్కుని ఒక చెవి మిరపకాయ బజ్జీలా ఉబ్బింది. ఒక పక్కకు తల వాల్చి గుండ్రంగా తిరుగుతుంటే పక్కింటివాళ్ళు పిచ్చి లేచిందేమో చూసుకోండి అన్నారు. ఆ మాటతో తమ్ముడు హడలిపోయాడు. అనంతగిరి దగ్గర తోట కాపలా వాళ్ళతో మాట్లాడాడు. బిడ్డ ఇంటికి వచ్చేలోపు కుక్కను అక్కడ వదిలేయాలని నిర్ణయం. తమ్ముడిది తప్పని నేననను. నాన్న మాత్రం అన్నం దగ్గర ఆడే ఒకటి రెండు మాటలు కూడా మానేశాడు.

అలాంటి రోజుల్లో మామయ్య నాన్నను పలకరించడానికి కోదాడ వచ్చారు. నేనూ వెంట వెళ్ళాను. వరండాలో కూర్చుని కొత్త గ్లాసులో టీ తాగుతున్నారు. పెరట్లోంచి టపటపమని చప్పుడు వచ్చింది. ఆయన గ్లాసు కింద పెట్టారు.

"ఇంట్ల కుక్కున్నదా చెల్లెమ్మా?"

"అబ్బే, లేదండి అన్నయ్య గారూ. వీధిలో కుక్కండి" అంది అమ్మ.

మళ్ళీ టపటప. ఆయన తల వంచి విన్నారు.

"వీధికుక్కకు చెవులు నిలబడి ఉంటయ్. దులిపితే గింత సప్పుడు రాదు. ఇది చెవులు వేలాడే కుక్క. ఎన్నడుసందో బాధపడుతున్నది పాపం."

అమ్మ మొహం పాలిపోయింది. తమ్ముడు గోడ మీద క్యాలెండరు వైపు చూస్తున్నాడు. అప్పుడు మా నాన్న, ఒక మాట కూడబలుక్కోవడానికి అంత కష్టపడే మనిషి, మంచం మీద నుంచి చెయ్యి చాచి, "బావా... అది నాదే... పంపిచ్చేస్తున్నారు" అన్నాడు. అంత పొడుగు మాట ఆయన మాట్లాడటం జబ్బు చేశాక అదే మొదటిసారి.

మామయ్య లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. అమ్మ వెనకాలే "అన్నయ్య గారూ, అక్కడ బురదండి, మీ పంచె" అంటూ పరుగెత్తింది. ఆయన గోనె పట్టా పక్కకు తీసి, బురదలోనే గొంతుక్కూర్చుని, "ఏదీ, చెవియ్యి" అన్నారు. బంటి మొదట గుర్రుమంది. తర్వాత ఏమనుకుందో తల తెచ్చి ఆయన మోకాలి మీద పెట్టింది. ఆయన వాసన చూశారు.

"నల్లటిదేమన్న ఉంటె తే బిడ్డా. ఎండల పెట్టి సూడాలె" అన్నారు నాతో. నల్లటిది ఏం తేవాలో తోచక, నాన్న తలకు తీయించిన స్కానింగ్ ఫిల్ము తెచ్చిచ్చాను. చెవిలో నుంచి దూదితో తీసిన మురికిని ఆ ఫిల్ము మీద దులిపి ఎండలో పెట్టారు. భూతద్దం ఒకరి తర్వాత ఒకరికి ఇచ్చారు. చుక్కల్లాంటి తెల్లటివి మెల్లగా కదులుతున్నాయి. నాన్న తల ఫోటో మీద బంటి చెవిలో పురుగులు నడుస్తుంటే మా ఇంటిల్లిపాదీ వంగి చూశాం. తమ్ముడు మాత్రం వెనక్కి జరిగాడు.

"ఇవి మా బాబు చెవులకెక్కితే ఎట్లా మామయ్యా?"

"ఇయి కుక్కల, పిల్లుల చెవులల్ల బతికేటియి. మనిషి మీదికొస్తే చేతులకు జర దద్దుర్లు వస్తయేమో గని, కాపురం పెట్టవు. పిచ్చి గిచ్చి ఏం లేదు దీనికి. దురదకు తిరుగుతున్నది. పిచ్చి రాకుంట దీనికి సూదులు మాత్రం టైముకు ఏపిచ్చుకోండ్రి, పసిబిడ్డ ఉన్న ఇల్లు." తర్వాత తన అలవాటు ప్రకారం అడిగారు, "ఇంకెవరున్నరు ఇంట్ల?"

"మేమేనండి, ఇంకెవరుంటారు" అంది అమ్మ. చాలా త్వరగా అంది. అది అప్పుడు నేను గమనించలేదు.

వారం వారం ఆయన సూర్యాపేటలో బస్సెక్కి కోదాడ వెళ్ళడం మొదలైంది. ఉబ్బిన చెవిలోంచి చెడు రక్తం తీసి కట్టు కట్టారు. మురికి కడిగి చుక్కలు వేశారు. గుడ్లకు ఈ మందు తగలదు, అవి పొదిగేదాకా ఓపిక పట్టి మళ్ళీ మళ్ళీ వేయాలని తమ్ముడికి నేర్పారు. నూనె పోయడం మాన్పించారు. వెళ్ళిన ప్రతిసారీ అమ్మ పప్పు, రెండు కూరలు, పెరుగు, అరిటిపళ్ళు. "నేను వియ్యంకుని లెక్క రాలె చెల్లెమ్మా, పశువుల డాక్టర్ లెక్క వచ్చిన" అనేవారు. "మీరు ఎలా వచ్చినా మాకు వియ్యంకుడు గారేనండి" అని అమ్మ ఇంకో గరిటె వడ్డించేది. డాక్టరుకు ఫీజు లేదు గానీ బరువు పెరిగాడు అని మా ఆయన ఎగతాళి చేసేవాడు.

బంటి చెవులు శుభ్రపడ్డాయి. తల దులపడం ఆగింది. నాన్న మళ్ళీ వీధి చివరి దాకా వెళ్ళి వస్తున్నాడు. అంతా బాగుందనుకుంటుండగా ఒక ఆదివారం మేం గేటు తీసేసరికి టపటపమని వినిపించింది.

ఆ రోజు తిరుగు బస్సులో మామయ్య కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. "మందు తప్పలె. మరి నా కన్ను తప్పిందేమో బిడ్డా. వయసైంది గద" అన్నారు. నాకు చాలా బాధేసింది. అటు తమ్ముడు కూడా, ఆయన ముందు అనలేక, నాతో ఫోన్‌లో అన్నాడు. "అక్కా, మామయ్య మీద నాకు నమ్మకం లేక కాదు. బాబును తీసుకొచ్చే రోజు దగ్గరకొచ్చింది. తోటవాళ్ళను రేపో మాపో రమ్మంటాను." వెనక నుంచి నాన్న ఏదో అంటున్నాడు. మాట కాదు, గొంతు మాత్రం వినిపించింది.

మర్నాడు మామయ్య నాతో పాటే మిర్యాలగూడ బస్సెక్కారు. జేబులో చిన్న సీసా, దానిలో బంటి చెవి మురికి. ఒకప్పుడు తన దగ్గర పని నేర్చుకున్న డాక్టరు అక్కడ ఆస్పత్రి పెట్టుకున్నాడు. మధ్యాహ్నం ఖాళీ పీరియడ్‌లో నేనూ అక్కడికి వెళ్ళాను. ఆ డాక్టరు మైక్రోస్కోపులో నుంచి తల పైకెత్తి అన్నాడు.

"పురుగే సార్. మీ మందు కరెక్టే. ఆ ఇంట్ల ఇంకో జంతువు ఉండాలె. దాని మీదికెళ్ళి మళ్ళ మళ్ళ వస్తున్నది."

"అడిగిన. లేదన్నరు."

"లేదంటే నమ్మిన్రా సార్? ఓనర్ చెప్పింది ఇను, ఇంటిని మాత్రం నీ కండ్లతోటి సూడు అని మాకు చెప్పింది మీరే గద."

మామయ్య సీసా జేబులో పెట్టుకున్నారు. "వాళ్ళు మా వియ్యాలవాళ్ళు" అన్నారు.

నాకు అప్పుడు అర్థమైంది. మర్యాద ఒక్క వైపు కట్టిన తాడు కాదు. మా అమ్మ ఆయన్ను అడగలేకపోయింది, ఆయన మా అమ్మ మాటను కాదనలేకపోయారు. పిల్లనిచ్చిన ఇంట్లో గదులు తిరిగి చూడటం, మీరు చెప్పింది నిజమేనా అని రెట్టించడం, ఆయన వల్ల అయ్యే పని కాదు. ఊరందరి ఇళ్ళల్లో మంచాల కింద దూరి చూసిన మనిషి మా ఇంట్లో వరండా, ముందుగది, పెరడు తప్ప ఏమీ చూడలేదు. మధ్యలో బంటి చెవి.

బడికి తిరిగి వస్తూ దారిలోనే అమ్మకు ఫోన్ చేశాను. ఇంట్లో ఇంకేదైనా జంతువు ఉందా అని అడిగాను. అన్నం తిన్నావా అంది అమ్మ. ఉందా లేదా చెప్పవే అని గట్టిగా అంటే ఏడుపు మొదలుపెట్టింది.

"వంటింట్లో సజ్జ మీద పిల్లి పిల్లల్ని పెట్టిందే. ఎండాకాలం నుంచీ వస్తుంది. పాలు పోశాను, అలవాటైపోయింది. చలేస్తుందని బంటి గోనె మీదే పడుకోబెట్టేదాన్ని. మీ మామగారు తినే అన్నం ఆ వంటింట్లోదే కదా. పైన పిల్లి సంసారం చేస్తుందని ఆయనకు ఎలా చెప్పనే? ఏమనుకుంటారు? నీ కాపురానికే మాట రాదూ?"

సాయంత్రం ఇంటికొచ్చి మామయ్యకు చెప్పాను. ఆయన చాలాసేపు పేపరు మడతలు సరిచేస్తూ కూర్చున్నారు. కోపం వచ్చిందేమో అనుకున్నాను. "పిల్లలకు కండ్లు తెరుసుకున్నయా?" అని అడిగారు. నాకు తెలియదన్నాను. "సరే. మీ అమ్మకు నాకు తెలిసిందని చెప్పకు. రేపు నువ్వు బడికి సెలవు పెట్టు" అన్నారు.

మేం వెళ్ళేసరికి భోజనాల వేళ. తోటవాళ్ళు సాయంత్రం వస్తారని తమ్ముడు చెప్పాడు. బంటి గొలుసు నాన్న చేతికి చుట్టుకుని ఉంది. అమ్మ ముందుగదిలో పీట వేసి, కంచంలో అన్నీ వడ్డించి, "రండి అన్నయ్య గారూ" అంది. మామయ్య వచ్చి కంచం చేతిలోకి తీసుకున్నారు. కూర్చుంటారనుకుంటే నేరుగా వంటింట్లోకి నడిచారు. అమ్మ "అయ్యో, అక్కడ వేడండి, గచ్చు తడిగా ఉందండి" అంటూనే ఉంది. ఆయన వెళ్ళి సరిగ్గా ఆ సజ్జ కింద బాసిపట్టు వేసుకుని కూర్చున్నారు. అన్నం కలుపుకుని తినడం మొదలుపెట్టారు. ఒక్కసారి కూడా పైకి చూడలేదు.

అమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. నేను ఆమె వెనక నిలబడ్డాను. పైన పాత స్టీలు డబ్బాల వెనక నుంచి సన్నగా మ్యావుమని వినిపించింది.

"చెల్లెమ్మా, ఇంకింత పప్పెయ్యి" అన్నారు మామయ్య.

అమ్మ వడ్డించింది. ఆయన రెండు ముద్దలు తిని, అప్పుడు అన్నారు.

"మా అమ్మ వంటింట్ల బర్రెదూడ ఉండేది. సలికాలం పొయ్యి పక్కనే కట్టేసేది. ఆ బువ్వ తినే నేను డాక్టరైన." ఇంకో ముద్ద. "పురుగుకు సిగ్గు లేదు చెల్లెమ్మా. సిగ్గంత మనకే. అందుకే అది బతుకుతది. నేను తిన్నంక వాళ్ళను గూడ దించు. అందరి చెవులు సూద్దాం."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత స్టూలు తెచ్చుకుని తనే ఎక్కి, పిల్లిని, దాని కూనలను ఒక్కొక్కటిగా కిందికి అందించింది. తల్లి పిల్లి చెవుల నిండా అదే నల్లటి పొడి. అది అమ్మ చేతిలో తప్ప ఎవరి చేతిలోనూ ఆగలేదు. అమ్మ పట్టుకుంది, ఆయన చెవి ఎత్తారు. ఇద్దరూ అలా పక్కపక్కన గచ్చు మీద కూర్చుని ఉండగా ఆమె నోట "గోరు జాగ్రత్త అన్నయ్యా" అని వచ్చింది. గారూ లేదు, అండీ లేదు. నా పెళ్ళయ్యాక అదే మొదటిసారి. ఆయన "నాకు అలవాటే తల్లీ" అన్నారు.

ఆ సాయంత్రం తోటవాళ్ళు వచ్చి టీ తాగి వెళ్ళిపోయారు. తమ్ముడే వాళ్ళకు సర్ది చెప్పాడు. బంటికీ పిల్లికీ కూనలకూ ఒకే రోజు మందులు మొదలయ్యాయి, కూనలకు వాటి వయసుకు తగ్గవి చూసి వేశారు. ఆ గోనె తగలబెట్టారు. మిగతా బట్టలు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేశారు. ఈసారి తగ్గింది, మళ్ళీ రాలేదు. మేనల్లుడు ఇంటికి వచ్చాడు. వాడిప్పుడు నిలబడటం నేర్చుకుంటున్నది బంటి వీపు పట్టుకునే. ఆ తర్వాత కూడా మామయ్య వీలైనప్పుడల్లా కోదాడ వెళ్ళేవారు. వరండాలో కుర్చీలో కూర్చోగానే బంటి తనంతట తనే వచ్చి, తల ఆయన మోకాలి మీద పెట్టి, చెవి పైకి వచ్చేలా పక్కకు తిప్పేది. భోజనం మాత్రం వంటింట్లోనే. కొత్త గ్లాసులు మళ్ళీ దిగలేదు.

ఆయన పోయిన రోజు మోతె వైపు నుంచి ఆటోల్లో చాలామంది వచ్చారు. ఎవరో ముసలాయన ఫలానా బర్రె సంగతి చెప్పుకుని ఏడ్చాడు. కాలనీవాళ్ళు వచ్చారు. కోదాడ నుంచి మా వాళ్ళు వచ్చారు. మా అమ్మ వియ్యాలవాళ్ళ ఇంట్లో ఎలా ఉండాలో అన్నీ మరిచిపోయి సొంత అన్న పోయినట్టు గుమ్మంలో కూలబడి ఏడ్చింది. మా నాన్న మెట్లు ఎక్కలేక కిందే నిలబడి, "బావా" అని ఒక్క మాట అన్నాడు. నేను ఆ మనిషికి కోడలిగా వచ్చాను. ఆయన నన్ను ఒక్కరోజు కూడా కోడలిలా చూడలేదు, నేనూ ఆ ఇంట్లో ఒక్కరోజు కూడా భయపడలేదు. ఆ సంగతి ఆయన ఉండగా చెప్పాల్సిన అవసరం వస్తుందని తోచలేదు. ఇప్పుడు మీతో చెప్పుకుంటున్నాను.

దినాలయ్యాక పోయిన ఆదివారం కోదాడ వెళ్ళాను. వరండాలో అదే కుర్చీ ఉంది. ఆలోచించకుండా అందులో కూర్చున్నాను. బంటి లోపలి నుంచి వచ్చింది. కాసేపు గేటు వైపు చూసింది. తర్వాత నా దగ్గరికి వచ్చి తల నా మోకాలి మీద పెట్టి, చెవి పైకి తిప్పింది. నేను ఆ మడత ఎత్తాను. లోపల లేత గులాబీ రంగులో శుభ్రంగా ఉంది. వంగి వాసన చూశాను. పులిసిన పిండి లేదు, గోనెసంచి లేదు. ఏ వాసనా లేదు.

"ఎలా ఉందే?" అని వంటింట్లోంచి అడిగింది అమ్మ.

"బాగుందమ్మా" అన్నాను. చెవి వదిలేశాను గానీ బంటి తల తీయలేదు. వాసన చూశాక చెవి వెనక గోకడం ఆయన అలవాటు. దానికోసం కళ్ళు మూసుకుని అది అలాగే ఆగి ఉంది.